బెజవాడలో మారిన పేరు: భాగ్యరెడ్డి వర్మ

ఒత్తిడి తగ్గాలంటే ఆలోచన మార్చుకోవాలని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెబుతారు. కోచింగ్ హాస్టళ్లతో నిండిన విజయవాడలో ఈ మాట వినని విద్యార్థి ఉండరేమో. మరి ఆ ఆలోచన మీద కులం మోపిన బరువు సంగతేమిటి? ఈ ప్రశ్నకు నూరేళ్ల కిందట ఇదే ఊళ్లో భాగ్యరెడ్డి వర్మ ఆచరణలో జవాబు చూపించారని మేం భావిస్తున్నాం.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. భాగ్యరెడ్డి అన్నది కుటుంబ గురువు పెట్టిన పేరు. మీ పూర్వీకులు ఈ నేలను ఏలినవాళ్లన్న నమ్మకం దాని వెనక ఉంది. వర్మ అన్న బిరుదు ఆర్యసమాజం ద్వారా తర్వాత చేరింది. 1906లో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా జనాన్ని కూడగట్టారు. 1911లో మాన్య సంఘం వచ్చింది. హీనులని ముద్ర వేయించుకున్నవాళ్లు మాన్యులమని చెప్పుకోవడమే ఒక తిరుగుబాటు.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ ఏర్పాటైంది. అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ముందు ఆ పేరునే కాదన్నారు. మనం అయిదో వర్ణం కాదు, ఈ నేల తొలి మనుషులం అన్నది ఆయన వాదన. సభ ఒప్పుకుంది. పంచమ సభ కాస్తా ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. సభకు వచ్చినవాళ్లు గుళ్లోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడిని మూసేశారని దళిత ఉద్యమ చరిత్రల్లో ఉంది. 1922లో మద్రాసు శాసన మండలిలో ఎం.సి. రాజా తీర్మానం తర్వాత ఆది ఆంధ్ర అన్న పేరు ప్రభుత్వ రికార్డుల్లోకీ ఎక్కింది.

పేరు మారితే ఆరోగ్యం బాగుపడుతుందా? ఎక్కడ అవమానం ఎదురవుతుందోనని అనుక్షణం కాపు కాసే మనసు ఒంటికి విశ్రాంతినివ్వదు. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, పుస్తకం మీద దృష్టి నిలవదు. ఆ కాపలా కొంతైనా సడలాలంటే, తనను తాను తక్కువగా చూసుకోవడం ముందు ఆగాలి. ఆ పని ఒంటరిగా అయ్యేది కాదని భాగ్యరెడ్డి వర్మకు తెలుసు. అందుకే సంఘం పెట్టారు, బడులు తెరిచారు, పత్రిక నడిపారు. తాగుడు మీద, బాల్యవివాహాల మీద, జోగిని ఆచారం మీద పోరాడారు.

ఇక్కడొక చిక్కు ఉంది. తాగుడు మానండి, శుభ్రంగా ఉండండి అన్న సంస్కరణ బోధ ఒక్కోసారి తప్పంతా బాధితులదేనన్నట్టు వినిపిస్తుంది. అలవాట్లు మార్చుకున్నవాళ్లకూ ఆ రోజుల్లో గుడి తలుపు తెరుచుకోలేదు. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూసే నాటికి ఆ తలుపులు చాలాచోట్ల మూసే ఉన్నాయి.

అయినా ఆయన మార్పును సొంత మనసుతో మొదలుపెట్టి అక్కడే వదిలేయలేదు. సభ పేరు మార్చారు, బడి కట్టారు. ఈరోజు ఒక దళిత విద్యార్థిని మనసు మార్చుకోమనేవాళ్లను మనం అడగాల్సిందీ అదే: మీ కాలేజీ ఏం మార్చుకుంటుంది?