డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియార్: వైద్యాలయం నుండి విద్యాలయానికి

తిరుత్తణి పేరు చెప్పగానే 1888లో ఇచ్చట జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్మృతికి వస్తారు. 1948లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించినవారు ఆయనే. తదనంతరం 1952లో మాధ్యమిక విద్యా సంఘానికి అధ్యక్షులైనది మాత్రం ఒక ప్రసూతి వైద్యులన్న సంగతి నేటి విద్యార్థులలో చాలమందికి తెలియదు. ఆ మహనీయులే డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న మన పాఠశాల ఆయనను స్మరించుకొనుటకు ప్రత్యేక కారణమున్నది.

ఆయన 1887 అక్టోబరు 14న కర్నూలులో, తమిళం మాట్లాడే కుటుంబంలో, కవలలలో ఒకరుగా జన్మించారు. సోదరులు రామస్వామి మొదలియార్ 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి ప్రథమాధ్యక్షులయ్యారు. ఇంట తమిళం, వీధిలో తెలుగు వినిపించే ఆ ఊరిలోనే వారి బాల్యం గడిచింది. 1903లో మద్రాసు చేరి, క్రైస్తవ కళాశాలలో చదివిన పిమ్మట లక్ష్మణస్వామి గారు వైద్యవిద్యను స్వీకరించారు.

కాన్పు స్త్రీకి పునర్జన్మ అని పెద్దలనే ఆ రోజులలో ప్రసూతి మరణాలు మిక్కుటం. అట్టి కాలంలో ఆయన ప్రసూతి శాస్త్రాన్నే ఎంచుకొన్నారు. ఎగ్మూరు స్త్రీ శిశు వైద్యశాలకు సూపరింటెండెంటుగా, మద్రాసు వైద్య కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, వైద్యమును, బోధనను ఒక్క చేతిమీదుగా నడిపించారు. 1938లో వెలువడిన ఆయన ప్రసూతి వైద్య గ్రంథం తరతరాల వైద్య విద్యార్థులకు పాఠ్యగ్రంథమైనది.

1942 నుండి 1969 వరకు, 27 సంవత్సరాలు, ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు. 1949, 1950 సంవత్సరాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యనిర్వాహక మండలికి, 1961లో ఆ సంస్థ మహాసభకు అధ్యక్షత వహించారు. 1959లో నియమితమైన ఆరోగ్య పరిశీలనా సంఘానికి అధ్యక్షులుగా, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంపై 40,000 జనాభాకు మించి భారం ఉండరాదని సూచించారు.

1953లో సమర్పించిన మాధ్యమిక విద్యా నివేదికలో వైద్యుని దృష్టి స్పష్టంగా గోచరిస్తుంది. విద్యార్థులందరికీ వైద్య పరీక్ష జరపాలని, లోపం కనబడితే చికిత్స చేయించాలని, కొందరు ఉపాధ్యాయులకైనా ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలని ఆ సంఘం కోరింది. చేతిపనులకు, గ్రంథాలయానికి పాఠశాలలో సముచిత స్థానం కల్పించాలని, పబ్లిక్ పరీక్షల భారం తగ్గించాలని చెప్పింది. అన్నింటికన్న మనకు ముఖ్యమైనది వేరొకటి: మాధ్యమిక దశ అంతటా మాతృభాష లేక ప్రాంతీయ భాషయే బోధనా మాధ్యమం కావాలని, భాషాపరమైన అల్పసంఖ్యాకులకు ప్రత్యేక సౌకర్యాలు ఉండాలని సిఫారసు చేసింది.

ఏడేండ్లు తిరుగకముందే ఆ మాట మన గడపకు వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరినది. ఊరు కదలలేదు, ఇల్లు మారలేదు. అయినను ఇచ్చటి తెలుగు బిడ్డలు అల్పసంఖ్యాకులైనారు. తెలుగుసీమలో పెరిగిన తమిళ బాలుడు పెద్దవాడై అధ్యక్షత వహించిన నివేదికలోని ఆ సూచన, తమిళసీమలోని తెలుగు బిడ్డలకు వర్తించడం ఎంత సముచితం!

ఆ సంఘం సూచనలన్నీ అమలుకు నోచుకొనలేదు. సౌకర్యం కల్పించడం ప్రభుత్వం వంతు. బిడ్డను చేర్పించడం తల్లిదండ్రుల వంతు. ఆ బిడ్డ తమిళమును, ఆంగ్లమును కూడ చక్కగా నేర్చి నిలబడేటట్లు తీర్చిదిద్దడం మా వంతు. ఏ తరగతిలోనైనా తెలుగు బల్లలు ఖాళీ అయితే ఏ నివేదికయు వాటిని నింపజాలదు.

డాక్టర్ మొదలియార్ 1974 ఏప్రిల్ 15న పరమపదించారు. తరమణిలోని వైద్యశాస్త్ర స్నాతకోత్తర సంస్థ ఆయన నామమును ధరించినది. మన బిడ్డల ఆరోగ్యమును, భాషను సమానంగా కాపాడుకొనుటయే ఆ మహనీయునికి మనం సమర్పించగల నివాళి.