గుంటూరులో రెండో రోజు పొద్దున



రాత్రి డాబా మీద కూర్చున్నప్పుడు మీ పాప ఆకాశం వైపు వేలు చూపించి ఆ వెలుగు ఏమిటని అడుగుతుంది. మీకూ తెలియదు. ఏదో ఒకటి చెప్పి కిందికి తీసుకెళ్లేముందు, మన కాకుమానుకు దగ్గర్లోనే జరిగిన ఈ సంగతి చదవండి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగింది. మన కాకుమాను కూడా ఆ నీడలోనే ఉంది. ఉదయం పూటే చీకటి పడి, నల్లబడిన సూర్యుడి అంచున ఎర్రటి మంటలు కనిపించాయి. అలాంటి మంటలను అంతకుముందు గ్రహణాల్లోనూ చూశారు. అవి సూర్యుడివేనని 1860లో ఫొటోల ద్వారా తేలింది. కానీ దేనితో తయారయ్యాయో ఎవరికీ తెలియదు.

అది తేల్చుకోవడానికి ఫ్రాన్స్ నుంచి గుంటూరు వచ్చినవారు పియర్ జాన్సెన్. 1824లో పారిస్‌లో పుట్టారు. పసితనంలో జరిగిన ప్రమాదం వల్ల జీవితమంతా కుంటుతూనే నడిచారు. తండ్రి సంగీతకారుడు. ఇల్లు గడవక చిన్న వయసులోనే బ్యాంకులో పనికి కుదిరారు. పని చేసుకుంటూనే చదివి 28 ఏళ్లకు డిగ్రీ, 36 ఏళ్లకు డాక్టరేట్ అందుకున్నారు. తోటివారికంటే ఆలస్యమే. కానీ ఆ ఆలస్యం ఆయనను ఆపలేదు.

ఆ ఉదయం జాన్సెన్ తన టెలిస్కోపుకు స్పెక్ట్రోస్కోప్ బిగించారు. వెలుగును రంగులుగా విడదీసే పరికరమిది. మంటల వెలుగు అందులో కొన్ని మెరిసే గీతలుగా కనిపించింది. అంటే అవి మండుతున్నట్టు వెలిగే వాయువు. ముఖ్యంగా హైడ్రోజన్. కొద్ది నిమిషాల్లో గ్రహణం విడిచింది. వచ్చిన పని అయిపోయినట్టే. పెట్టె సర్దుకోవచ్చు.

ఆయన సర్దుకోలేదు. గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకుండానే కనిపించాలి కదా అన్న ఆలోచన వచ్చింది. స్పెక్ట్రోస్కోప్‌లో సూర్యకాంతి అన్ని రంగుల్లోకీ పరుచుకుని పలచబడుతుంది. మంట వెలుగు మాత్రం కొన్ని గీతల్లోనే ఉండి నిలుస్తుంది. మర్నాడు పొద్దున మళ్లీ పరికరం గురిపెట్టారు. మామూలు పగటి వెలుగులోనే మంటలు దొరికాయి. గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన అవసరం ఆ రోజుతో తీరిపోయింది.

అదే ఏడాది ఇంగ్లాండులో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని విడిగా కనుగొన్నారు. ఇద్దరి సమాచారమూ అక్టోబరు 26న, ఒకే రోజు పారిస్ సైన్స్ అకాడమీకి చేరింది. ఎవరు ముందన్న తగవు రాకుండా ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం చేయించింది.

హీలియంను గుంటూరులో జాన్సెన్ కనుగొన్నారని పిల్లల క్విజ్ పుస్తకాల్లో చూసే ఉంటారు. నిజం అంత సూటిగా లేదు. ఆ గ్రహణం నాడు మచిలీపట్నంలో ఉన్న పోగ్సన్, పసుపు గీత సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదని గమనించారు. అది కొత్త మూలకానిదని చెప్పింది లాకియర్. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, విలియం రామ్సేకి. ఒక్కరి పేరు బట్టీ పట్టడం తేలిక. కానీ ఇందరు కలిస్తేనే ఆ జవాబు దొరికింది.

1870లో పారిస్‌ను శత్రుసేన చుట్టుముట్టినప్పుడు, మరో గ్రహణం కోసం జాన్సెన్ బెలూన్ ఎక్కి నగరం దాటారు. అల్జీరియా చేరారు. తీరా ఆ రోజు మబ్బులు కమ్మి ఏమీ కనిపించలేదు. మరుసటి ఏడాది ఇంకో గ్రహణానికి మళ్లీ మన దేశానికే, నీలగిరికి వచ్చారు. 1907లో చనిపోయేవరకూ సూర్యుణ్ని వదల్లేదు.

కాబట్టి మీ పాప అడిగినప్పుడు తెలియదని చెప్పడానికి మొహమాటపడకండి. ఏ దిక్కున, ఎన్ని గంటలకు కనిపించిందో నోటుబుక్కులో రాయించండి. మిణుకుమిణుకుమని రంగులు మారుస్తూ కదిలితే విమానం కావచ్చు. మిణకకుండా సాగిపోయి ఆకాశం మధ్యలో మాయమైతే ఉపగ్రహం కావచ్చు. మర్నాడు అదే వేళకు దాదాపు అక్కడే ఉంటే గ్రహమో నక్షత్రమో. సూర్యుడి వైపు మాత్రం నేరుగా ఎప్పుడూ చూడనివ్వకండి.

ఇవాళ తేలకపోతే రేపు రాత్రి పాపతో పాటు మీరూ మళ్లీ డాబా ఎక్కండి.