జెర్రీ గార్షియా

జెరోమ్ జాన్ గార్షియా (ఆగష్టు 1, 1942 - ఆగష్టు 9, 1995) అమెరికాకు చెందిన ప్రసిద్ధ రాక్ సంగీతకారుడు, గిటారు వాద్యకారుడు, గాయకుడు, స్వరకర్త. జెర్రీ గార్షియా అన్న పేరుతోనే లోకానికి సుపరిచితుడు. 1965లో కాలిఫోర్నియాలో ఏర్పడిన గ్రేట్‌ఫుల్ డెడ్ అనే వాద్యబృందంలో ముప్పై సంవత్సరాలపాటు ప్రధాన గిటారు వాద్యకారునిగా ఉన్నాడు. ఈ బృందం ఇచ్చిన కచేరీలు దాదాపు 2,300. వాటిలో అత్యధిక భాగం ఏదో ఒక రూపంలో టేపులపై నిలిచి ఉండడం ఇతని జీవితంలోని విశేషం. ఆ టేపులను చేసినవారిలో, భద్రపరచినవారిలో, పంచిపెట్టినవారిలో చాలామంది సామాన్య శ్రోతలే.

బాల్యం

గార్షియా శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించాడు. తండ్రి హోసే రామోన్ గార్షియా స్పెయిన్ దేశం నుండి వచ్చినవాడు. వృత్తిరీత్యా వాద్యకారుడు, తరువాత ఒక బారును నడిపాడు. తల్లి రూత్. జెరోమ్ కెర్న్ అనే స్వరకర్త మీది అభిమానంతో కుమారునికి ఆ పేరు పెట్టారు. నాలుగేళ్ళ వయసులో అన్న కట్టెలు కొడుతుండగా గొడ్డలి దెబ్బ తగిలి ఇతని కుడిచేతి నడిమివేలు మూడింట రెండు వంతులు తెగిపోయింది. గిటారు వాద్యకారునికి ఇది చిన్న లోటేమీ కాదు. అయినా తీగలను మీటే చేతిలో ఆ వేలు లేకుండానే ఇతడు తన బాణీని రూపొందించుకున్నాడు.

1947లో తండ్రి చేపలు పట్టడానికి వెళ్ళి నదిలో మునిగి మరణించాడు. ఆ దృశ్యాన్ని తాను కళ్ళారా చూసినట్లు గార్షియా చెప్పుకున్నాడు గానీ, అది ఇంట్లో విన్న మాటల నుండి ఏర్పడిన జ్ఞాపకమై ఉండవచ్చునని జీవిత చరిత్రకారులు అనుమానించారు. తరువాత కొన్నేళ్ళు అమ్మమ్మ, తాతల వద్ద పెరిగాడు. పదిహేనవ పుట్టినరోజుకు తల్లి అకార్డియన్ కొనియిస్తే, పట్టుబట్టి దానికి బదులుగా ఎలక్ట్రిక్ గిటారు తెప్పించుకున్నాడు.

ప్రమాదం, బాంజో, టేపు రికార్డరు

1960లో సైన్యంలో చేరాడు. క్రమశిక్షణ పాటించనందున అదే సంవత్సరం డిసెంబరులో పంపివేశారు. 1961 ఫిబ్రవరిలో ఇతడు ప్రయాణిస్తున్న కారు బోల్తాపడగా స్నేహితుడొకడు మరణించాడు, గార్షియా గాయాలతో బయటపడ్డాడు. తాను గాలికి తిరగడం మాని సంగీతాన్ని గంభీరంగా పట్టుకున్నది ఆ ప్రమాదం తరువాతనేనని ఇతడు భావించేవాడు. అదే సంవత్సరం రాబర్ట్ హంటర్‌తో పరిచయమైంది. తరువాతి కాలంలో గార్షియా స్వరపరచిన పాటలలో అధికభాగానికి సాహిత్యం ఇతనిదే.

ఆ రోజులలో గార్షియా మనసంతా బ్లూగ్రాస్ సంగీతం మీద, బాంజో మీద ఉండేది. 1964లో శాండీ రాత్‌మన్ అనే మిత్రునితో కలిసి కారులో దేశం తూర్పు వైపుకు వెళ్ళాడు. వెంట ఒక టేపు రికార్డరు ఉంది. ఇండియానా రాష్ట్రం బీన్ బ్లాసమ్‌లో, ఇతర చోట్ల జరిగిన కచేరీలను రికార్డు చేసుకున్నారు. బిల్ మన్రో బృందంలో స్థానం అడగాలన్న కోరిక నోటివరకు వచ్చి ఆగిపోయింది. తన కచేరీలను రికార్డు చేసుకునే శ్రోతల పట్ల తరువాత ఇతడు చూపిన ఔదార్యాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ ప్రయాణాన్ని మరువరాదు. ఇతడు కూడా మొదట ఆ శ్రోతలలో ఒకడే.

గ్రేట్‌ఫుల్ డెడ్

1965లో గార్షియా, బాబ్ వియర్, రాన్ మెక్‌కర్నన్, ఫిల్ లెష్, బిల్ క్రూట్జ్‌మన్ కలిసి వార్లాక్స్ పేరుతో వాయించారు. ఆ ఏడాది చివరకు బృందం పేరు గ్రేట్‌ఫుల్ డెడ్‌గా మారింది. ఒక నిఘంటువును తెరచినపుడు ఈ మాట గార్షియా కంటపడిందని ప్రసిద్ధి. 1967లో డ్రమ్ము వాద్యకారుడు మిక్కీ హార్ట్ చేరాడు. హార్ట్‌కు ఉస్తాద్ జాకీర్ హుస్సేన్‌తో ఏర్పడిన స్నేహం ఫలితంగా 1976లో దిగా రిథమ్ బ్యాండ్ ఆల్బమ్ వెలువడింది. అందులో గార్షియా కూడా గిటారు వాయించాడు.

స్టూడియోలో చేసిన ఆల్బములలో 1970 నాటి వర్కింగ్‌మాన్స్ డెడ్, అమెరికన్ బ్యూటీ పేరెన్నిక గన్నవి. కానీ స్టూడియో రికార్డులను మాత్రమే విని ఈ బృందాన్ని అంచనా వేసేవారికి దాని అసలు స్వరూపం తెలియదు. ఒకే పాటను ఒకే తీరుగా రెండుసార్లు వాయించే అలవాటు వారికి లేదు. డార్క్ స్టార్ అనే పాట 1969 నాటి లైవ్/డెడ్ ఆల్బములో సుమారు 23 నిమిషాలు సాగుతుంది, మరొక రాత్రి అదే పాట వేరొక దారి పట్టేది. మన కర్ణాటక సంగీతంలో ఒకే కీర్తనను విద్వాంసులు ఒక్కొక్క కచేరీలో ఒక్కొక్క విధంగా పెంచి, మనోధర్మాన్ని చూపడం తెలిసినవారికి ఇది వింతగా తోచదు. నిన్నటి కచేరీ విన్నవారు రేపటిదీ వినాలనుకోవడానికి కారణం ఇదే.

కచేరీ రికార్డింగులు

బృందానికి శబ్ద నిపుణునిగా పనిచేసిన ఆవ్‌స్లీ స్టాన్లీ తన పనితీరును సరిచూసుకోవడానికి ప్రతి రాత్రి కచేరీని టేపు చేసేవాడు. గార్షియా బాంజో వాయించిన ఓల్డ్ అండ్ ఇన్ ద వే బృందం ఆల్బము (1975) ఇతడు 1973లో చేసిన అటువంటి టేపు నుండే వచ్చింది. తరువాత బెట్టీ కాంటర్-జాక్సన్ అనే మహిళ చేసిన టేపులు నాణ్యతలో అగ్రగణ్యమైనవి.

మరొక వైపు శ్రోతలు మైకులను దాచుకుని వచ్చి రికార్డు చేసేవారు. మొదట్లో బృందం సిబ్బంది వారిని అడ్డగించేవారు, యంత్రాలను లాక్కునేవారు కూడా. అయినా 1970లలో టేపుల మార్పిడి దేశమంతా పాకింది. 1974లో డెడ్ రెలిక్స్ అనే చిన్న పత్రిక ఈ మార్పిడిదారుల కోసమే మొదలైంది. టేపును అమ్మరాదు, ఇచ్చిపుచ్చుకోవాలి అన్నది వారిలో కట్టుబాటు. టేపు లేని కొత్తవాడు ఖాళీ క్యాసెట్టును, తపాలా ఖర్చును పంపితే చాలు, నింపి తిరిగి పంపేవారు. తాము వాయించి ముగించాక ఆ సంగీతం శ్రోతలదేనన్నది గార్షియా అభిప్రాయం. 1984 అక్టోబరు నుండి సౌండ్ బోర్డు వెనుక రికార్డు చేసేవారికి ప్రత్యేకంగా స్థలం కేటాయించి టిక్కెట్లు ఇవ్వసాగారు. రికార్డుల కంపెనీలు దొంగ రికార్డింగులని గగ్గోలు పెడుతున్న కాలంలో ఇది సాహసమైన నిర్ణయం. దీనివల్ల బృందం నష్టపోలేదు, కచేరీలకు జనం ఇంకా పెరిగారు.

అభిమానుల మధ్య తీరని వాదాలు కొన్ని ఉన్నాయి. సౌండ్ బోర్డు నుండి నేరుగా తీసిన టేపులో ప్రతి వాద్యం స్పష్టంగా వినిపిస్తుంది. శ్రోతల మధ్య మైకు పెట్టి చేసిన దానిలో హాలు గాలి, జనం కేకలు, చప్పట్లు కలిసి ఉంటాయి. ఏది మేలన్నది ఒక వాదం. ఏ సంవత్సరం ఉత్తమమన్నది మరొకటి. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాలులో, బయట మంచు కురిసిన రోజున జరిగిన కచేరీ చాలామందికి శిఖరం. 1972 ఐరోపా యాత్రను మించినది లేదనేవారూ ఉన్నారు. కార్నెల్ కీర్తిలో సగం బెట్టీ టేపు నాణ్యతదేనని చెప్పేవారి మాటలోనూ నిజం లేకపోలేదు.

ఆ టేపుల కథ కూడా చెప్పుకోదగినది. ఆమె బృందం నుండి దూరమయ్యాక అద్దెకు తీసుకున్న గదిలో రీళ్ళు ఉండిపోయాయి. అద్దె కట్టలేకపోవడంతో 1986లో వాటిని వేలం వేశారు. కొన్నవారి నుండి కొన్ని అభిమానుల చేతికి చేరి, శుభ్రపరచబడి, క్యాసెట్లుగా దేశమంతా వ్యాపించాయి. కార్నెల్ రికార్డింగును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన 2011 సంవత్సరపు జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. అప్పటికి అది అధికారికంగా విడుదలే కాలేదు.

వ్యసనం, అనారోగ్యం

1970ల మధ్యకాలం నుండి గార్షియా హెరాయిన్‌కు బానిసయ్యాడు. 1985 జనవరిలో మాదకద్రవ్యాలతో పోలీసులకు పట్టుబడ్డాడు. 1986 జూలైలో మధుమేహం ముదిరి కోమాలోకి వెళ్ళాడు. స్పృహ వచ్చేసరికి గిటారు వాయించడం మరచిపోయాడు. మిత్రుడు మెర్ల్ సాండర్స్ దగ్గరుండి సాధన చేయించగా, చిన్నపిల్లవానివలె మళ్ళీ మొదటినుండి నేర్చుకుని అదే సంవత్సరం డిసెంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్‌తో కలిసి వేదిక ఎక్కాడు. 1987లో టచ్ ఆఫ్ గ్రే పాట అమెరికా జాబితాలో మొదటి పదింటిలో నిలిచింది. అంతటి విజయం ఈ బృందానికి అదొక్కటే.

వ్యసనం మాత్రం వదలలేదు. చివరి సంవత్సరాల టేపులలో పాట చరణాలు మరచిపోవడం, వేళ్ళు తడబడడం స్పష్టంగా వినవచ్చును. ప్రతి రాత్రినీ భద్రపరచే అలవాటు మంచి రాత్రులతోపాటు వీటిని కూడా నిలిపి ఉంచింది. వీటిని విననని పక్కన పెట్టే అభిమానులున్నారు, ఆ తడబాట్ల మధ్య మెరిసే నాలుగు నిమిషాల కోసం ఓపికగా వినేవారూ ఉన్నారు.

మరణం

1995 జూలై 9న షికాగో సోల్జర్ ఫీల్డులో బృందం చివరి కచేరీ జరిగింది. ఆగష్టు 9న కాలిఫోర్నియాలోని ఒక చికిత్సా కేంద్రంలో గార్షియా గుండెపోటుతో మరణించాడు. వయసు 53. అస్థికలలో కొంత భాగాన్ని 1996 ఏప్రిల్‌లో భార్య డెబొరా కూన్స్, బాబ్ వియర్ హృషీకేశ్ తీసుకువచ్చి గంగానదిలో కలిపారు. మిగిలినవి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో కలిశాయి.

మరణానంతరం

బృందం భాండాగారాన్ని చూసుకున్న డిక్ లాట్వాలా స్వయంగా టేపులు సేకరించే అభిమాని. ఇతడు ఎంపిక చేసిన డిక్స్ పిక్స్ వరుస 1993లో మొదలై, 1999లో ఇతడు మరణించిన తరువాత కూడా కొనసాగి, 2005 నాటికి 36 సంపుటాలకు చేరింది. 2012 నుండి డేవిడ్ లెమ్యూ ఎంపికతో డేవ్స్ పిక్స్ వెలువడసాగాయి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అభిమానులు చేర్చిన వేలాది కచేరీలను 2005 నవంబరులో బృందం ప్రతినిధుల కోరికపై డౌన్‌లోడుకు లేకుండా తొలగించారు. ఉచితంగా పంచుకోవడమే ఆచారమైన చోట ఇది నమ్మకద్రోహంగా కనిపించింది. అభిమానులు సంతకాలు సేకరించారు, బృందం సరుకులు కొనమన్నారు. ఈ నిర్ణయంలో తనను సంప్రదించలేదని ఫిల్ లెష్ ప్రకటించాడు. కొద్దిరోజులలోనే శ్రోతలు చేసిన రికార్డింగులు మళ్ళీ డౌన్‌లోడుకు వచ్చాయి. సౌండ్ బోర్డు టేపులను మాత్రం అక్కడే వినడానికి అనుమతించారు. ఇది రాజీయే గానీ, గార్షియా బ్రతికి ఉంటే ఏమనేవాడన్న చర్చ ఆగలేదు.

బృందం పత్రాలు 2008లో శాంతాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరాయి. వేలంలో పోయిన బెట్టీ టేపులలో కొన్ని తిరిగి భాండాగారానికి వచ్చాయి. వాటి నుండి కార్నెల్ కచేరీ 2017 మే నెలలో, జరిగిన నలభై సంవత్సరాలకు, అధికారికంగా విడుదలైంది.