కిరీటం దేవుడికి, కుళ్లాయి రాయలకు

కొడవలూరు: కోతలు అయి, ధాన్యం ఇల్లు చేరాక ఈ ప్రాంతపు పల్లెల నుంచి తిరుమలకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లే కుటుంబాలు ఎన్నో. మహాద్వారం దాటి లోపలికి అడుగు పెట్టగానే కుడిచేతి వైపు మండపంలో మూడు రాగి విగ్రహాలు కనిపిస్తాయి. నడుమ ఎత్తైన టోపీ పెట్టుకున్న పురుషుడు, ఇరుపక్కల ఇద్దరు స్త్రీలు. ముగ్గురూ చేతులు జోడించే నిలబడి ఉంటారు. గోవింద నామాల సందడిలో, వెనకనుంచి తోసేవారి ఒత్తిడిలో చాలామంది అటు చూడకుండానే సాగిపోతారు. ఆయన శ్రీకృష్ణదేవరాయలు. పక్కనున్న వారు తిరుమలదేవి, చిన్నాదేవి. ఎవరు ఎవరో తెలిసేలా పేర్లు విగ్రహాల భుజాల మీదనే చెక్కి ఉన్నాయి.

తుళువ నరసనాయకుడికి, నాగలాంబకు పుట్టిన రాయలు అన్న వీరనరసింహరాయల తర్వాత 1509లో విజయనగర సింహాసనం ఎక్కాడు. అప్పటికి ఉదయగిరి దుర్గం ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. దక్షిణాన గజపతుల బలమంతా ఆ కొండమీదే. రాయలు 1513లో దాన్ని ముట్టడించాడు. కోట లొంగడానికి ఏడాదిన్నర పట్టిందనీ, సైన్యానికి దారి చేయడానికి పెద్ద పెద్ద బండలు పగలగొట్టించాడనీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. ఆ కొండ ఎక్కి చూసినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు. 1514లో కోట పడింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయడు పట్టుబడ్డాడు.

గెలిచిన రాజు కోటలోని ధనం తీసుకుపోవడం మామూలే. రాయలు ఇంకొకటి కూడా తీసుకుపోయాడు. అది కొండమీది గుడిలోని బాలకృష్ణుడి విగ్రహం. దాన్ని విజయనగరానికి తరలించి, ప్రత్యేకంగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ గుడి తూర్పు గోపురం మీద గుర్రాలు, ఏనుగులు, డాళ్లు పట్టిన భటులు గచ్చుబొమ్మలుగా ఉన్నారు. అది ఉదయగిరి యుద్ధమేనంటారు. చేతిలో వెన్నముద్దతో కూర్చున్న ఆ బాలుడే రాయల బంగారు నాణేల మీదికీ ఎక్కాడు. వెనకవైపు నాగరి లిపిలో రాజు పేరు ఉంటుంది. ఉదయగిరి గెలుపుకు గుర్తుగానే ఈ నాణెం వేయించాడని నాణేల పరిశోధకుల అభిప్రాయం. కత్తి బొమ్మ లేదు, కోట బొమ్మ లేదు. అయినా ఏ కోట ఎవరి చేతికి వచ్చిందో సంతలో ఆ నాణెం మార్చుకున్నవాడికి తెలిసేది.

విజయనగర రాజ్యానికి ముద్ర వరాహం. దాని ముందు నిలువుగా కత్తి, పైన సూర్యచంద్రులు. భూమిని పైకెత్తిన అవతారం వరాహమైతే, భూమిని కాచేవాడు రాజు అన్నమాట. సూర్యచంద్రులు ఉన్నంతకాలం రాజ్యం ఉండాలన్న కోరిక కూడా అందులో ఉంది. బంగారు నాణేన్ని వరహా అనడమూ వరాహం పేరు మీదనే.

రాయలు తిరుమలకు ఏడుసార్లు వచ్చినట్టు శాసనాలు చెబుతున్నాయి. 1513లో మొదటిసారి వచ్చినప్పుడు స్వామికి నవరత్నాల కిరీటం సమర్పించాడు. 1514లో ఉదయగిరి గెలిచి తిరిగి వెళ్తూ వచ్చి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. మరుసటి ఏడు మకరతోరణం ఇచ్చాడు. కొండమీది రాగి విగ్రహంలో మాత్రం తన తలమీద కిరీటం పెట్టించుకోలేదు. ఉన్నది కుళ్లాయి, అంటే కొలువులో పెట్టుకునే పొడుగాటి టోపీ. నడుముకు కత్తి లేదు. 1520 ప్రాంతంలో ఆయన్ను కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా జరీ టోపీనీ, బంగారు పూలు కుట్టిన తెల్లబట్టలనూ, మెడలోని వజ్రాల హారాన్నీ వర్ణించాడు. రాజు మధ్యరకం ఎత్తు, మంచి రంగు, కొంచెం బొద్దు, ముఖాన మశూచి మచ్చలు. విగ్రహంలో ఆ మచ్చలు కనిపించవు.

రాయలు గద్దె ఎక్కిన 1509లోనే ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రాజయ్యాడు. హోల్బైన్ గీసిన చిత్రంలో హెన్రీ కాళ్లు ఎడంగా పెట్టి, చూసేవాడిని సవాలు చేస్తున్నట్టు నిలుచుంటాడు. రాయలు నమస్కారం పెట్టాడు. అంతమాత్రాన అది ఒట్టి అణకువ అనుకోవడానికి వీల్లేదు. స్వామి దగ్గరకు పోయే ప్రతి మనిషీ దాటవలసిన చోటే ఆ విగ్రహం ఉంది. రాజు దేవుడి సేవకుడు అని చెప్పడంలోనే, మిగిలినవారికి రాజు ఎవరో చెప్పడం కూడా ఉంది. కళింగం మీదికి పోయినప్పుడు పొట్నూరులో విజయస్తంభం నాటించిన రాజూ ఈయనే. చిదంబరం ఉత్తర గోపురంలోనూ ఆయన శిలావిగ్రహం ఉంది.

గజపతితో సంధి కుదిరాక కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేల తిరిగి ఇచ్చేశాడు. ఉదయగిరి మాత్రం ఇవ్వలేదు. 1529లో రాయలు కన్నుమూశాడు. 1565 యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడింది. దెబ్బతిన్న బాలకృష్ణ విగ్రహం చివరకు మద్రాసు చేరి, ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. హంపీలో ఆయనకోసం కట్టించిన గర్భగుడి ఖాళీ. ఉదయగిరి కొండమీద ఆయన బయలుదేరిన చోటూ ఖాళీయే.