ఇలియట్ రిచర్డ్‌సన్ - మాటకు కట్టుబడిన మనీషి

అమెరికా రాజకీయ చరిత్రలో పదవీత్యాగంచే కీర్తినొందినవారు అరుదు. అట్టివారిలో ఇలియట్ రిచర్డ్‌సన్ అగ్రగణ్యులు. ఆయన 1920 జూలై 20న బోస్టన్ నగరంలో జన్మించారు. రెండవ ప్రపంచ సంగ్రామంలో సైనిక వైద్యదళంలో చేరి, 1944లో నార్మండీ తీరాన క్షతగాత్రులకు సేవచేశారు. అనంతరం హార్వర్డ్‌లో న్యాయశాస్త్ర పట్టా పొంది, క్రమంగా మంత్రిపదవుల నలంకరించారు.

1973లో వాటర్‌గేట్ కుంభకోణపు నీడ అధ్యక్షుడు నిక్సన్‌పై పడింది. ఆ మే మాసంలో నిక్సన్ రిచర్డ్‌సన్‌ను న్యాయశాఖాధిపతియైన అటార్నీ జనరల్‌గా నియమించారు. అధ్యక్షుడు నియమించిన వ్యక్తి అధ్యక్షునిపైనే విచారణను నిష్పక్షపాతంగా సాగనిచ్చునా? సెనేట్ సభ్యుల సందేహమిదే. రిచర్డ్‌సన్ తన పూర్వగురువు ఆర్చిబాల్డ్ కాక్స్‌ను ప్రత్యేక ప్రాసిక్యూటరుగా ఎన్నుకొని, ఘోరమైన అనుచిత ప్రవర్తన కనబడిననే తప్ప ఆయనను తొలగింపనని సెనేటుకు మాట యిచ్చారు.

కాక్స్ అధ్యక్షభవనంలోని సంభాషణల టేపులను కోరారు. నిక్సన్ ఆగ్రహించి, అక్టోబరు 20న కాక్స్‌ను తొలగింపుమని ఆజ్ఞాపించారు. రిచర్డ్‌సన్ ఆజ్ఞను తిరస్కరించి రాజీనామా సమర్పించారు. ఆయన ఉపాధికారి రకల్‌షాస్ సైతం నిరాకరించారు. తుదకు మూడవవారైన బోర్క్ ఆ పని నెరవేర్చారు. కాని ప్రజాగ్రహం పెల్లుబికింది. మరొక ప్రాసిక్యూటరును నియమింపక తప్పలేదు. 1974 ఆగస్టు 9న నిక్సనే పదవి వీడారు.

రిచర్డ్‌సన్ 1999 డిసెంబరు 31న కన్నుమూశారు. నియమించినవారి పట్ల కృతజ్ఞత వేరు, పదవీధర్మం వేరు. పదవి ఇచ్చినవారి సొత్తు కాదు, ప్రజల అమానతు. ఆ అమానతును కాపాడుటకై పదవినే వదలుకొన్న ఆయన జీవితం విద్యార్థిలోకానికి అనుసరణీయం.