నెడ్ కెల్లీ

నెడ్ కెల్లీ (సుమారు 1854 - నవంబర్ 11, 1880) ఆస్ట్రేలియాకు చెందిన పేరుమోసిన బందిపోటు. అడవులను ఆశ్రయించి దోపిడీలు చేసే ఇటువంటివారిని అక్కడ బుష్‌రేంజర్లు అంటారు. పేద ఐరిష్ రైతుల పక్షాన నిలిచిన వీరుడని కొందరు, ముగ్గురు పోలీసుల మరణానికి కారకుడైన హంతకుడని మరికొందరు ఇతనిని భావిస్తారు. మరణించిన 131 సంవత్సరాలకు ఇతని అస్థికలను గుర్తించారు.

జీవితం

నెడ్ కెల్లీ విక్టోరియాలోని బెవరిడ్జ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ కెల్లీ, రెండు పందులను దొంగిలించిన నేరానికి ఐర్లండు నుండి ద్వీపాంతర శిక్షపై వచ్చినవాడు. ఆయన 1866లో మరణించడంతో కుటుంబభారం తల్లి ఎలెన్‌పై పడింది. 1878లో ఒక పోలీసుపై హత్యాయత్నం కేసులో తల్లికి మూడేళ్ళ జైలుశిక్ష పడింది. నెడ్, తమ్ముడు డాన్ అడవిలోకి పారిపోయారు. అదే ఏడాది అక్టోబర్ 26న స్ట్రింగీబార్క్ వాగు వద్ద, తమను వెదుకుతూ వచ్చిన పోలీసులలో ముగ్గురిని నెడ్ కాల్చి చంపాడు. తరువాత ఈ ముఠా యూరోవా, జెరిల్డరీ పట్టణాలలో బ్యాంకులను దోచుకొంది.

1880 జూన్‌లో గ్లెన్‌రోవాన్ వద్ద పోలీసుల రైలును పట్టాలు తప్పించాలని ముఠా పథకం వేసింది. థామస్ కర్నో అనే ఉపాధ్యాయుడు ముందుగా హెచ్చరించి రైలును ఆపాడు. నాగలి రేకులతో చేసిన, సుమారు 44 కిలోల కవచం ధరించి నెడ్ పోరాడాడు. కవచం లేని కాళ్ళకు గుండ్లు తగలడంతో పట్టుబడ్డాడు. మిగిలిన ముగ్గురు సభ్యులు మరణించారు. న్యాయమూర్తి రెడ్మండ్ బారీ మరణశిక్ష విధించగా, మెల్‌బోర్న్ జైలులో నెడ్‌ను ఉరితీశారు. శవాన్ని తనవారికి అప్పగించమన్న ఇతని చివరి కోరికను ప్రభుత్వం మన్నించలేదు. జైలు ఆవరణలోనే పాతిపెట్టారు.

అస్థికల గుర్తింపు

1929లో జైలు స్థలంలో నిర్మాణపు పనుల కోసం సమాధులను తవ్వినపుడు, గుమిగూడినవారు కొన్ని ఎముకలను జ్ఞాపికలుగా పట్టుకుపోయారు. మిగిలినవాటిని పెంట్రిడ్జ్ జైలుకు తరలించారు. కెల్లీదని చెప్పే ఒక పుర్రెను పాత జైలు ప్రదర్శనశాలలో ఉంచగా, అది 1978లో చోరీకి గురైంది. 2009లో ఒక వ్యక్తి ఒక పుర్రెను అధికారులకు అప్పగించడంతో శాస్త్రీయ పరిశోధన మొదలైంది.

పెంట్రిడ్జ్‌లో వెలికితీసిన అస్థికలను విక్టోరియా ఫోరెన్సిక్ వైద్య సంస్థ నిపుణులు పరిశీలించారు. తల్లి నుండి మాత్రమే సంతానానికి సంక్రమించే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను, నెడ్ సోదరి వంశంలో స్త్రీల వరుసలో వచ్చిన ఒక వారసుని నమూనాతో పోల్చారు. ఒక అస్థిపంజరం సరిపోయింది. దానిపై గ్లెన్‌రోవాన్‌లో తగిలిన గుండ్ల గాయాల గుర్తులు కూడా ఉన్నాయి. ఫలితాన్ని 2011 సెప్టెంబర్ 1న ప్రకటించారు. అప్పగించిన పుర్రె మాత్రం కెల్లీది కాదని తేలింది. అస్థిపంజరంతో పుర్రె వెనుకభాగపు ముక్క మాత్రమే లభించింది.

అంత్యక్రియలు

ప్రభుత్వం అస్థికలను కుటుంబసభ్యులకు అప్పగించింది. 2013 జనవరి 20న గ్రెటా శ్మశానవాటికలో, తల్లిని ఖననం చేసిన చోటనే, పేరు చెక్కిన రాయి లేకుండా వాటిని ఖననం చేశారు. మరెవరూ తవ్వకుండా సమాధిని కాంక్రీటుతో కప్పారు. ఆ విధంగా 132 ఏళ్ళ తరువాత ఇతని చివరి కోరిక నెరవేరింది.