వనమూలికల్లో మెదడు మందును అన్వేషించిన అసీమా ఛటర్జీ

బెంగాల్ పల్లెల్లో చెరువు గట్ల మీద, తడి ఆరని వరి మడుల్లో శుశుని అనే ఆకుకూర విరివిగా పెరుగుతుంది. నాలుగు రెక్కలుగా విచ్చుకునే ఈ ఆకును వండుకుని తింటే మనసు కుదుటపడి, నిద్ర బాగా పడుతుందని అక్కడి గృహిణులు తరతరాలుగా నమ్ముతూ వచ్చారు. ఆ నమ్మకాన్ని మూఢత్వమని కొట్టివేయకుండా, అలాగని కళ్లు మూసుకుని ఒప్పుకోకుండా, ప్రయోగశాలలో పరీక్షకు పెట్టిన రసాయన శాస్త్రవేత్త డాక్టర్ అసీమా ఛటర్జీ. ఆ మొక్క శాస్త్రీయ నామం మార్సిలియా మినూటా. దాని నుంచి మూర్ఛను అదుపు చేసే గుణం గల మార్సిలిన్ అనే పదార్థాన్ని ఆమె బృందం వేరు చేసి, 1963లో లోకానికి వెల్లడించింది. మూర్ఛ వ్యాధికి ఉద్దేశించిన ఆయుష్-56 అనే ఔషధానికి ఆ పరిశోధనే పునాది అయింది.

అసీమా 1917 సెప్టెంబరు 23న కలకత్తాలో జన్మించారు. తండ్రి ఇంద్రనారాయణ్ ముఖర్జీ వైద్యుడు. వృత్తి వైద్యమే అయినా ఆయనకు వృక్షశాస్త్రం మీద మక్కువ ఎక్కువ. మొక్కల పేర్లు, వాటి గుణాలు, అవి ఏ జబ్బుకు పనికివస్తాయన్న ముచ్చట్లు ఆ ఇంట్లో నిత్యం నడిచేవి. కూతురి ఆసక్తి ఔషధ మొక్కల వైపు మళ్లడానికి ఆ వాతావరణమే బీజం వేసింది. తమ్ముడు పెద్దయ్యాక శస్త్రవైద్యుడై, అక్క చేపట్టిన ఔషధ పరిశోధనలో పాలుపంచుకున్నారు.

ఆడపిల్లలకు ఉన్నత విద్య అరుదైన కాలమది. రసాయన శాస్త్రం చదివే అమ్మాయిలైతే వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అసీమా బెథూన్ విద్యాసంస్థల్లో చదువుకుని, స్కాటిష్ చర్చ్ కళాశాలలో రసాయన శాస్త్రం ప్రధానాంశంగా 1936లో పట్టభద్రులయ్యారు. 1938లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి కర్బన రసాయన శాస్త్రంలో ఎం.ఎస్‌సి. పూర్తి చేశారు. చదువుతో పాటు హిందుస్తానీ గాత్ర సంగీతాన్ని కూడా ఏళ్ల తరబడి అభ్యసించారు. చివరికి ఆమె జీవితాన్ని అల్లుకున్నది మాత్రం ప్రయోగశాలే.

ప్రఫుల్ల కుమార్ బోస్ మార్గదర్శకత్వంలో ఆమె భారతీయ ఔషధ మొక్కల్లోని రసాయనాలపై పరిశోధన సాగించి, 1944లో డి.ఎస్‌సి. పట్టా పొందారు. భారతీయ విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా అందుకున్న తొలి మహిళ ఆమె. అప్పటికే, 1940లో, లేడీ బ్రాబోర్న్ కళాశాలలో రసాయన శాస్త్ర విభాగానికి తొలి అధిపతిగా బాధ్యత చేపట్టారు. 1945లో భౌతిక రసాయన శాస్త్రవేత్త బరదానంద ఛటర్జీతో ఆమె వివాహం జరిగింది.

1947లో ఆమె అమెరికా ప్రయాణమయ్యారు. చంటిబిడ్డ అయిన కూతురిని, ఆ పాపను చూసుకునేందుకు ఒక ఆయాను వెంటబెట్టుకుని సముద్రాలు దాటారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోనూ, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లాస్లో జెక్‌మైస్టర్ వద్దా పరిశోధన చేశారు. ఆ తరువాత జ్యూరిక్‌లో నోబెల్ బహుమతి గ్రహీత పాల్ కరర్ ప్రయోగశాలలో పనిచేసి, 1950లో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆల్కలాయిడ్లు అనే మొక్కల రసాయనాలను లోతుగా శోధించే విద్యలో ఆ మూడేళ్లలో ఆమె ఆరితేరారు.

ఆల్కలాయిడ్లంటే నత్రజనిని ఇముడ్చుకుని ఉండే సహజ పదార్థాలు. నల్లమందులోని మార్ఫిన్, సింకోనా బెరడులోని క్వినైన్ ఆ కోవలోవే. చాలా స్వల్ప మోతాదులోనే అవి నాడులపైన, గుండెపైన, మెదడుపైన పనిచేస్తాయి. అందుకే వాటిలో మందు ఎంత ఉందో, విషమూ అంతే ఉంది. ఏ మొక్కలో ఏ ఆల్కలాయిడ్ ఉంది, దాని అణువు నిర్మాణం ఏమిటి, ఎంత మోతాదులో మేలు చేస్తుంది అన్నవి తేలనిదే ఆకు పసరుకూ ఔషధానికీ మధ్య ఉన్న దూరం తరగదు. ఆ దూరాన్ని తగ్గించడమే అసీమా ఛటర్జీ తన జీవితకాలపు పనిగా ఎంచుకున్నారు.

ఆ పని ఎంత కష్టమైనదో నేటి తరం ఊహించడం తేలిక కాదు. ముందుగా మొక్కను సరిగ్గా గుర్తించాలి. వేరో, బెరడో, ఆకో, గింజో అదునెరిగి సేకరించాలి. ఎండబెట్టి, పొడిచేసి, ద్రావకాల్లో నానబెట్టి సారం తీయాలి. వందల పదార్థాలు కలగలిసిన ఆ సారం నుంచి ఒక్కొక్కదాన్నీ వేరు చేసి స్ఫటికాలుగా రాబట్టాలి. నేడు యంత్రాలు గంటల్లో చూపే అణు నిర్మాణాన్ని, ఆ రోజుల్లో అణువును రసాయనికంగా ముక్కలు చేసి, ఆ ముక్కల ఆధారంగా వెనక్కి ఊహించి తెలుసుకోవలసి వచ్చేది. కిలోల కొద్దీ మూలికను మరిగిస్తే చేతికి దక్కేది ఒక్కోసారి చిటికెడు పదార్థమే. అది వృథా అయితే మళ్లీ మొదటికి రావలసిందే.

1954లో ఆమె కలకత్తా విశ్వవిద్యాలయ సైన్స్ కళాశాలలో రీడర్‌గా చేరారు. అక్కడ పరికరాలు తక్కువ, నిధులు ఇంకా తక్కువ. నమూనాలను విశ్లేషణ కోసం విదేశాలకు పంపవలసి వచ్చినప్పుడు ఆ ఖర్చు ఆమే భరించేవారు. ఇంత లోటులోనూ పరిశోధన కుంటుపడలేదు. సత్యేంద్రనాథ్ బోస్ వంటి పెద్దల ప్రోత్సాహం ఆమెకు అండగా నిలిచింది. 1962లో ఆమె ఖైరా ఆచార్య పీఠాన్ని అధిష్ఠించి, 1982 వరకు అందులో కొనసాగారు.

సర్పగంధ జాతి మొక్కల్లోని ఆల్కలాయిడ్ల నిర్మాణాన్ని ఆమె శోధించారు. రక్తపోటును, మనసులోని ఉద్రేకాన్ని తగ్గించే గుణం వల్ల సర్పగంధ ఆ కాలంలో ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించింది. మన ఆలయాల్లో పూజకు వాడే మారేడు చెట్టు బెరడులోని పదార్థాలపైనా ఆమె పరిశోధించారు. ఏడాకుల పొన్న, కటుకరోహిణి, చిరాత, గచ్చకాయ వంటి మూలికల ఆధారంగా మలేరియాకు మందు రూపొందించే కృషిలోనూ ఆమెది ముఖ్య పాత్ర.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయడం అవసరం. బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందును కనుగొన్నది ఆమేనని పలుచోట్ల రాస్తుంటారు. ఆ మొక్కలోని విన్‌బ్లాస్టిన్‌ను 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ వెలికితీశారు. ఆ కుటుంబానికి చెందిన ఆల్కలాయిడ్ల రసాయనాన్ని విశదం చేయడంలో అసీమా ఛటర్జీ కృషి గణనీయమైనది. ఇతరుల ఘనతను ఆమె పేరున కలపవలసిన పని లేదు. ఆమె చేసింది ఆమెకు చాలు.

మూర్ఛపై ఆమె చేసిన కృషిని ఆనాటి సామాజిక స్థితితో కలిపి చూడాలి. మూర్ఛ వస్తే దయ్యం పట్టిందనేవారు. తాళంచెవుల గుత్తి చేతిలో పెడితే తగ్గుతుందని మన ఊళ్లలోనూ నమ్మేవారు. మూర్ఛ ఉన్నవారికి పెళ్లి, ఉద్యోగం, చదువు అన్నీ దూరమయ్యేవి. అందుబాటులో ఉన్న మందుల్లో మత్తు కలిగించేవి ఎక్కువ. ఇటువంటి తరుణంలో శుశుని ఆకును, హిమాలయాల్లో పెరిగే జటామాంసిని కలిపి రూపొందించిన ఆయుష్-56, స్వదేశీ మూలికను ఆధునిక పరీక్షకు నిలబెట్టే ప్రయత్నానికి ఉదాహరణగా నిలిచింది. మూర్ఛ పిల్లలకు, యువతకు మాత్రమే వచ్చే జబ్బు కాదు. వయసు మళ్లినవారిలో, ముఖ్యంగా పక్షవాతం బారిన పడినవారిలో, అది కొత్తగా తలెత్తుతుందని వైద్యులకు తెలిసిన సంగతే.

1967 ఆమె జీవితంలో చీకటి ఏడాది. తండ్రినీ, భర్తనూ నాలుగు నెలల వ్యవధిలో పోగొట్టుకున్నారు. అదే సమయంలో ఆమె ఆరోగ్యమూ తీవ్రంగా దెబ్బతిన్నది. ఔషధ మొక్కల పట్ల ప్రేమను నూరిపోసిన తండ్రి, శాస్త్రవేత్తగా తన శ్రమను అర్థం చేసుకున్న భర్త ఒకేసారి దూరం కావడం ఆమెను కుంగదీసింది. సహచరులు, శిష్యులు వెన్నంటి నిలిచారు. కొన్ని నెలలకు ఆమె మళ్లీ ప్రయోగశాల మెట్లెక్కారు. ఆ తరువాత దశాబ్దాల పాటు అక్కడే గడిపారు.

గౌరవాలు ఒకదాని వెంట ఒకటి ఆమెను వరించాయి. 1961లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్న తొలి మహిళ అయ్యారు. 1975లో పద్మభూషణ్ లభించింది. ఆ ఏడాదే భారత సైన్స్ కాంగ్రెస్‌కు సర్వాధ్యక్షురాలైన తొలి మహిళా శాస్త్రవేత్తగా చరిత్రకెక్కారు. 1982 నుంచి 1990 వరకు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యురాలిగా సేవలందించారు. ఆయుర్వేద మందుల పరిశోధనకు, చికిత్సకు ఒకే చోటు ఉండాలన్న ఆమె చిరకాల వాంఛ కలకత్తా సాల్ట్‌లేక్‌లో ఏర్పడిన పరిశోధన సంస్థతో నెరవేరింది. సత్యేశ్ చంద్ర పక్రాశీతో కలిసి ఆరు సంపుటాలుగా వెలువరించిన భారతీయ ఔషధ మొక్కల గ్రంథం నేటికీ పరిశోధకులకు కరదీపికగా ఉంది.

2006 నవంబరు 22న అసీమా ఛటర్జీ కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 2017లో గూగుల్ తన ముఖచిత్రంలో ఆమె బొమ్మను ఉంచినప్పుడు, దేశంలోని చాలామంది యువత తొలిసారి ఆమె పేరు విన్నారు.

నేడు సగటు ఆయుర్దాయం పెరుగుతున్న కొద్దీ మతిమరుపు వ్యాధులు మన ఇళ్లలోకీ అడుగుపెడుతున్నాయి. అల్జీమర్స్ రోగులకు వైద్యులు ఇచ్చే గాలంటమైన్ అనే మందు మొదట ఒక పూలమొక్క నుంచి లభించినదే. మన దేశంలోనూ బ్రాహ్మి, సరస్వతి ఆకు, జటామాంసి, అశ్వగంధలపై పరిశోధనలు జరుగుతున్నాయి. బ్రాహ్మి సారం జ్ఞాపకశక్తికి కొంత తోడ్పడవచ్చని కొన్ని చిన్న పరీక్షలు సూచించాయి. అయితే ఆ మూలికలేవీ మతిమరుపు వ్యాధిని నయం చేస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. మూర్ఛకు గాని, మతిమరుపుకు గాని వాడుతున్న మందులను వైద్యుని సలహా లేకుండా ఆపి, మూలికల వైపు మళ్లడం ప్రమాదకరం.

మరో చింత కూడా ఉంది. హిమాలయ సానువుల్లో వేర్ల కోసం విచ్చలవిడిగా తవ్వేయడం వల్ల జటామాంసి నేడు అంతరించిపోయే ముప్పును తీవ్రంగా ఎదుర్కొంటున్న మొక్కల జాబితాలో చేరింది. మొక్కే మిగలకపోతే, దానిలోని మందును వెదికే అవకాశం రాబోయే తరాలకు ఉండదు. మొక్కను గుర్తించి, కాపాడి, దానిలోని పదార్థాన్ని వేరు చేసి, పరీక్షించి, మోతాదు తేల్చిన తరువాతే రోగికి ఇవ్వాలన్నది అసీమా ఛటర్జీ ఆరు దశాబ్దాలకు పైగా పాటించిన క్రమం. వృద్ధుల మెదడుకు మందు వెదుకుతున్న నేటి పరిశోధకులు నడవవలసిన దారి కూడా అదే.